డ్రమ్ మెషినా, శాంప్లరా? మృదంగం తెలిసిన చేతులకు ఏది నప్పుతుంది

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీది ఖమ్మం. చిన్నప్పుడు 6 ఏళ్లు మృదంగం నేర్చుకున్నారు. 3 ఏళ్లుగా ల్యాప్‌టాప్‌లో ఎఫ్ఎల్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌తో హౌస్, టెక్నో డాన్స్ సంగీతం చేస్తున్నారు. మౌస్‌తో గళ్లు నింపీ నింపీ విసుగొచ్చింది. చేత్తో వాయించే పెట్టె ఒకటి కొనాలి, ముందు ముందు ల్యాప్‌టాప్ లేకుండానే స్టేజి ఎక్కాలి. 50 వేలు దాచుకున్నారు, అవసరమైతే ఇంకో పది కలుపుతారు. 808 లాంటి డ్రమ్ మెషిన్ కొనాలా, శాంప్లర్ కొనాలా, కొంటే ఏ మోడల్ అని అడిగారు.

శాంప్లర్ కొనండి. అందులోనూ వేలి బరువును పట్టే ప్యాడ్లు ఉన్నదే కొనండి. మీ విషయంలో నా మొదటి ఎంపిక మంచి స్థితిలో ఉన్న సెకండ్ హ్యాండ్ ఆకాయ్ ఎంపీసీ వన్. అది దొరక్కపోతే రోలాండ్ ఎస్పీ-404 ఎంకే2. డ్రమ్ మెషిన్ మీకు రెండో యంత్రంగా బాగుంటుంది, మొదటిదిగా వద్దు. ఎందుకో వివరంగా చెప్తాను. దాదాపు 15 ఏళ్లుగా హైదరాబాద్‌లో ఇదే పని చేస్తున్నాను. ఈ మధ్యలో 9 యంత్రాలు కొని 6 అమ్మేశాను, కాబట్టి కింద రాసినవన్నీ డబ్బు పెట్టి నేర్చుకున్నవే.

ముందు రెండింటికీ తేడా. డ్రమ్ మెషిన్ శబ్దాన్ని తనే పుట్టిస్తుంది. శాంప్లర్ మీరు వినిపించిన శబ్దాన్ని గుర్తుపెట్టుకుని, అడిగినప్పుడు మళ్లీ పలుకుతుంది. 1980లో వచ్చిన రోలాండ్ టీఆర్-808ని తీసుకోండి. దాని కిక్ (కింద పడే బరువైన దెబ్బ) ఎక్కడా రికార్డు చేసింది కాదు. లోపల ఒక సర్క్యూట్ ఉంటుంది, దానికి చిన్న విద్యుత్ తట్టు తగిలితే గుడిగంటలా కాసేపు మోగి ఆగుతుంది. ఎంతసేపు మోగాలో డికే నాబ్ చెప్తుంది. అదే 1980లో రోజర్ లిన్ అనే అమెరికన్ ఇంజినీర్ తెచ్చిన ఎల్ఎమ్-1 ఇంకో దారి పట్టింది. నిజమైన డ్రమ్స్‌ని రికార్డు చేసి చిప్పుల్లో పెట్టారు. ఆ తర్వాత వచ్చిన టీఆర్-909లో రెండూ కలిశాయి. కిక్, స్నేర్ సర్క్యూట్‌లోంచి వస్తాయి, హై-హాట్, సింబల్స్ 6 బిట్ శాంపిల్స్, అంటే రికార్డు చేసి పెట్టిన శబ్దాలు. ఇవాళ షాపుల్లో డ్రమ్ మెషిన్ అని అమ్మే వాటిలోనూ చాలావాటికి శాంపిల్స్ ఎక్కించుకునే వీలుంది. కాబట్టి పేరు చూసి కొనకండి. కొనేముందు రెండే ప్రశ్నలు వేసుకోండి: నా సొంత శబ్దం ఇందులోకి వెళ్తుందా? నా చేతులకు ఇది ఒప్పుతుందా?

మొదటి ప్రశ్నలోనే మీ సమాధానం ఉంది. 808 శబ్దాలను శాంప్లర్‌లో పెట్టొచ్చు. మృదంగాన్ని 808లో పెట్టలేం. మీ చేతిలో 6 ఏళ్ల సాధన ఉంది. నం, ధిన్, చాపు, తొం, ఎడంతల మీద గుమ్కి, ఈ దెబ్బలు ఏ కంపెనీ ముందే నింపి ఇచ్చే శబ్దాల్లోనూ మీరు వాయించినట్టు ఉండవు. టెక్నో చేసేవాళ్లందరి దగ్గరా అదే కిక్, అదే క్లాప్ ఉన్నప్పుడు, మీ దగ్గర మాత్రమే ఉండే శబ్దాన్ని వదిలేసి అందరి దగ్గరా ఉన్నదానికి 50 వేలు పెట్టడం నాకు బాధగా అనిపిస్తుంది.

అలాగని డ్రమ్ మెషిన్‌ను తక్కువ చేయడం లేదు. శాంప్లర్‌లో ఎక్కించిన 808 కిక్ ఒక ఫోటో లాంటిది. అసలు సర్క్యూట్‌లో ముందు దెబ్బ మోగుతుండగానే రెండో దెబ్బ పడితే, ఆ రెండూ లోపల కలిసి ప్రతిసారీ కొంచెం వేరేగా వస్తాయి. శాంపిల్ వెయ్యిసార్లు కొట్టినా ఒకేలా వస్తుంది. ఇంకొకటి, స్టేజి మీద కిక్ డికేను మెల్లగా పెంచుతూ పోతే గది మొత్తం ఉబ్బుతున్నట్టు ఉంటుంది. ఆ పని కోసం పుట్టిన నాబ్ యంత్రం మీదే ఉండటంలో సుఖం వేరు. నా మిత్రుడొకడు కేవలం టెక్నో వాయిస్తాడు, ఒక డ్రమ్ మెషిన్ మీదే గంటన్నర ఏకబిగిన నడిపిస్తాడు. అతను శాంప్లర్ కొనాలా అని అడిగితే వద్దనే చెప్పాను. అతనికి కావలసిన శబ్దాలు పది, ఆ పదినీ చేత్తో తిప్పడమే అతని సంగీతం. మీరు రాసిన దాంట్లో ఆ కోరిక నాకు కనిపించలేదు. "నా మృదంగం, మా ఊరి డప్పు కలపాలి" అన్న వాక్యం కనిపించింది.

ఈ కలపడం కొత్తదేమీ కాదు. 1982లోనే బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అనే సినీ వాద్యకారుడు 808నీ, టీబీ-303 అనే బేస్ సింథ్‌నీ పెట్టుకుని హిందుస్తానీ రాగాలు రికార్డు చేశారు. చాలా ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ప్రపంచమంతా వింటోంది.

రెండో ప్రశ్న: చేతులు. యంత్రం మీద లయను ఎక్కించడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి స్టెప్ పద్ధతి. 16 బటన్లు వరసగా ఉంటాయి, ఎక్కడ దెబ్బ పడాలో ఆ బటన్ నొక్కుతారు, లైటు వెలుగుతుంది. రెండోది ప్యాడ్ పద్ధతి. రబ్బరు ప్యాడ్ల మీద వేళ్లతో వాయిస్తారు, యంత్రం రాసుకుంటుంది. 1988లో రోజర్ లిన్ ఆకాయ్‌తో కలిసి చేసిన ఎంపీసీ60 ఈ 16 ప్యాడ్ల చదరాన్ని జనానికి అలవాటు చేసింది.

మీరు మౌస్‌తో గళ్లు నింపి విసిగిపోయానన్నారు. స్టెప్ బటన్లు కూడా గళ్లు నింపడమే, కాకపోతే ప్లాస్టిక్ గళ్లు. కొందరికి అది ధ్యానంలా ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ మృదంగం నేర్చుకున్న వేలికి బరువు తెలుసు. మెల్లగా తాకిన నం వేరు, గట్టిగా కొట్టిన నం వేరు. ఆ తేడాను పట్టేదే వెలాసిటీ. ప్యాడ్‌కు అది లేకపోతే మీ 6 ఏళ్ల చదువు యంత్రం దాకా చేరదు. నేను ఈ తప్పు చేశాను. నేను కొన్న మొదటి యంత్రం ఒక అనలాగ్ డ్రమ్ మెషిన్, శబ్దం అద్భుతంగా ఉండేది. 8 నెలల్లో అమ్మేశాను. యంత్రంలో లోపమేమీ లేదు. నాకు చిన్నప్పటి నుంచి తబలా అలవాటు, బల్ల కనిపిస్తే వేళ్లు ఆడతాయి. ఆ పెట్టె ముందు కూర్చుంటే వేళ్లకు పని ఉండేది కాదు. రోజూ కాసేపు దాన్ని చూసి, వెళ్లి ల్యాప్‌టాప్ తెరిచేవాణ్ని.

డబ్బు పెట్టేముందు ఒక పరీక్ష చేసుకోండి. ఫోన్‌లో కోలా శాంప్లర్ అనే యాప్ ఉంది, కొద్ది డబ్బుకే వస్తుంది. ఒక నెల రోజులు దాంట్లో మీ మృదంగం దెబ్బలు రికార్డు చేసి, ప్యాడ్ల మీద వాయించి, లూపులు చేయండి. గాజు తెర మీద వేలి బరువు సరిగా తెలియదు, అయినా మీకు శబ్దాలు కోసుకుని పేర్చే పని నచ్చుతుందో లేదో రెండు వారాల్లో తెలిసిపోతుంది. నచ్చకపోతే 50 వేలు మిగిలినట్టే.

తాళం సంగతి. ఈ విషయం విదేశీ వీడియోల్లో ఎవరూ మాట్లాడరు, మనకేమో ఇదే ముఖ్యం. ఈ యంత్రాలన్నీ 4 బీట్లు, 16 స్టెప్పులు అన్న లెక్క మీద పుట్టాయి. ఆది తాళానికి ఇబ్బంది లేదు, 8 అక్షరాలు, 32 స్టెప్పులు, చతురశ్ర నడక చక్కగా కూర్చుంటుంది. మిశ్ర చాపు దగ్గర కథ మారుతుంది. 3+2+2, అంటే 7. ఒక్కో దానికి 2 స్టెప్పులు ఇస్తే 14. ఖండ చాపుకు 10. తిస్ర నడకలో వెళ్లే తీన్‌మార్ లాంటి దెబ్బకు 12. కాబట్టి కొనే ప్రతి యంత్రం గురించీ ఇది అడగండి: ప్యాటర్న్ నిడివిని 16 కాకుండా నాకు నచ్చిన అంకెకు పెట్టుకోవచ్చా? ఒక్కో ట్రాక్‌కు వేరే నిడివి పెట్టుకోవచ్చా?

రెండోది ఎందుకంటే, కింద కిక్ నాలుగేసి దెబ్బలతో 16 స్టెప్పుల మీద నడుస్తుంటే, పైన మృదంగం మిశ్ర చాపులో 14 స్టెప్పుల మీద నడవాలనుకోండి. రెండూ మళ్లీ సమం మీద కలిసేది 112 స్టెప్పులకు. అంటే కిక్‌కు 7 ఆవర్తాలు, మృదంగానికి 8. నిమిషానికి 126 బీట్ల వేగంలో అది 13 సెకన్లకు కాస్త పైన. ఆ 13 సెకన్లూ వినేవాళ్లకు కాలు ఎక్కడ వేయాలో తెలిసీ తెలియనట్టుగా ఉండి, చివర్లో రెండూ ఒకేచోట పడితే డాన్స్ ఫ్లోర్ మీద వచ్చే స్పందన చూడాలి. కచేరీలో తని ఆవర్తనం చివర తీర్మానం పడినప్పుడు సభలో వచ్చే కదలికే అది. ట్రాక్‌కో నిడివి ఇచ్చే యంత్రాల్లో ఇది రెండు నిమిషాల పని. ఎలెక్‌ట్రాన్ కంపెనీ డిజిటాక్ట్ అనే శాంప్లర్ ఇందులో ఘనం. ఎంపీసీలో నేను చేసేది ఏంటంటే, 7 బార్ల సీక్వెన్స్ ఒకటి తెరిచి కిక్ నింపి, పైన మృదంగాన్ని 8 ఆవర్తాలు చేత్తోనే వాయించి రికార్డు చేస్తాను. కాస్త శ్రమ ఉంటుంది, కానీ ఆ 8 ఆవర్తాలూ ఒకదానిలా ఒకటి ఉండవు, ప్రాణం ఉంటుంది. పూర్తిగా మిశ్ర చాపులోనే పాట కావాలంటే ఎంపీసీలో ఆ సీక్వెన్స్‌కు టైమ్ సిగ్నేచరే 7గా పెట్టుకోవచ్చు.

స్వింగ్ గురించి కూడా ఒక మాట. ఇది కూడా లిన్ గారి ఆలోచనే. ప్రతి జతలో రెండో స్టెప్పును కొంచెం వెనక్కి జరుపుతుంది. 50 శాతం అంటే సమానం. 66 శాతానికి వస్తే దాదాపు తిస్రం. 120 వేగంలో రెండు స్టెప్పులకు 250 మిల్లీసెకన్లు పడుతుంది. 50 దగ్గర 125, 125గా పంచుకుంటాయి. 66 దగ్గర 165, 85 అవుతాయి. ఈ మధ్యలో 54 నుంచి 60 వరకు ఉన్న చోటే హౌస్ సంగీతం ఊగేది. మన డప్పు దెబ్బ కూడా సరిగ్గా గీత మీద పడదు. మీరు వాయించింది రికార్డు అయ్యాక వెంటనే పూర్తిగా క్వాంటైజ్ చేయకండి. గీతల మీదకు లాగితే అందులో మీరు ఉండరు.

ఇక మోడల్స్. మీకు సంబంధం ఉన్నవే చెప్తాను.

ఎంపీసీ వన్ 2020లో వచ్చింది, అమెరికాలో విడుదల ధర 699 డాలర్లు. 16 పెద్ద ప్యాడ్లు, 7 అంగుళాల టచ్ తెర, లోపలే సింథ్‌లు, ఎఫెక్టులు. ఎఫ్ఎల్ నుంచి వచ్చినవారికి తెర మీద అన్నీ కనిపిస్తాయి కాబట్టి తొందరగా అలవాటవుతుంది. లోపాలు కూడా వినండి. ఆన్ చేయగానే సిద్ధం కాదు, చిన్న కంప్యూటర్‌లా లేవడానికి కాసేపు తీసుకుంటుంది. బ్యాటరీ లేదు. ఇన్ని ఆప్షన్లుంటాయి కాబట్టి మళ్లీ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నట్టే అనిపించే ప్రమాదం ఉంది. తెర వైపు చూడకుండా వాయించే అలవాటు మీరే చేసుకోవాలి.

ఎస్పీ-404 ఎంకే2 2021లో వచ్చింది, 499 డాలర్లకు. నాకు మనసుకు దగ్గరైన పెట్టె. 6 డబుల్-ఎ సెల్స్‌తో నడుస్తుంది, పవర్ బ్యాంక్‌తోనూ నడుస్తుంది. మైకు పెట్టి వాయించి, వచ్చినదానికి ఎఫెక్టు వేసి, ఆ వచ్చినదాన్నే మళ్లీ రికార్డు చేసి, దాన్ని ఇంకో ప్యాడ్ మీద పెట్టి, ఇలా పొరలు పొరలుగా కట్టుకుంటూ పోవడం దీని పద్ధతి. ఇంకో సౌకర్యం ఉంది. మీరు రికార్డు నొక్కడం మర్చిపోయినా గడిచిన 25 సెకన్లను వెనక్కి వెళ్లి పట్టుకుంటుంది. సాధన చేస్తుంటే అనుకోకుండా వచ్చిన మంచి ముక్తాయి పోకుండా ఉండటానికి దీనికి మించినది లేదు. దీని సీక్వెన్సర్, అంటే దెబ్బల వరసను రాసుకుని మళ్లీ వాయించే భాగం, మాత్రం బలమైనది కాదు. పాట మొత్తం కట్టడం కన్నా, ముక్కలు చేసి చేత్తో వాయించడానికే ఇది. నా దగ్గర నేర్చుకున్న ఒకమ్మాయి వాళ్ల అమ్మమ్మ పాడిన రోకటి పాటల్ని ఫోన్‌లో రికార్డు చేసి, ఇందులోకి ఎక్కించి, మెల్లని బీట్ల మీద 5 ట్రాకులు చేసింది. ఆమె దగ్గర ఇంకే యంత్రమూ లేదు.

డిజిటాక్ట్ గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. స్వీడన్ కంపెనీది, మొదటిది 2017లో, రెండోది 2024లో వచ్చాయి. రెండోది 999 డాలర్లకు వచ్చింది, మీ బడ్జెట్‌కు దూరం. మొదటిది సెకండ్ హ్యాండ్‌లో చూడొచ్చు. 8 ఆడియో ట్రాకులు, మోనో. దీని గొప్పతనం ప్రతి స్టెప్పుకూ శబ్దంలోని ఏ గుణాన్నైనా మార్చుకోగలగడం. ఒకే ఒక ధిన్ శాంపిల్ తీసుకుని 16 స్టెప్పుల్లో 16 రకాలుగా పలికించవచ్చు. సీక్వెన్సర్ వరకు చూస్తే మిగతావేవీ దీని దరిదాపుల్లోకి రావు. కానీ దాని బటన్లు వేలి బరువును పట్టవు. మీరు మృదంగం నేర్చుకోకపోయి ఉంటే కళ్లు మూసుకుని ఇదే చెప్పేవాణ్ని. దీనికి బయట నుంచి ఒక ప్యాడ్ కంట్రోలర్ మిడి కేబుల్‌తో కలిపి బరువు తెప్పించుకోవచ్చు, ఖర్చూ, మోసుకెళ్లే సామానూ పెరుగుతాయి.

తక్కువలో కావాలంటే టీనేజ్ ఇంజినీరింగ్ ఈపీ-133, 2023లో 299 డాలర్లకు వచ్చింది. ప్యాడ్లు బరువు పడతాయి, 4 సన్న సెల్స్‌తో నడుస్తుంది. మొదట వచ్చినదాని మెమరీ 64 ఎంబీ అంటే చాలామంది భయపడతారు. లెక్క వేయండి. 16 బిట్, దాదాపు 47 వేల హెర్ట్జ్ మోనోలో సెకనుకు దాదాపు 94 వేల బైట్లు. అంటే 64 ఎంబీలో 11 నిమిషాలకు పైగా పడుతుంది. మృదంగం దెబ్బ సగటున సెకను అనుకుంటే దాదాపు 700 దెబ్బలు! 1987 నాటి ఇ-ము ఎస్పీ-1200లో మొత్తం 10 సెకన్లే ఉండేవి. అమెరికాలో హిప్-హాప్ చేసేవాళ్లు 33 వేగపు రికార్డును 45 మీద తిప్పి రికార్డు చేసి, లోపల మళ్లీ వేగం తగ్గించుకుని చోటు మిగుల్చుకునేవారు. అలా చేయడంలో వచ్చిన గరుకుతనమే ఆ కాలపు శబ్దమైంది. మెమరీ అంకె చూసి ఏ యంత్రాన్నీ వదిలేయకండి.

కోర్గ్ వోల్కా శాంపిల్ 2 చిన్నది, చవక, సరదాగా ఉంటుంది, కానీ దానికి మీరు నేరుగా మైకు పెట్టి రికార్డు చేయలేరు, కంప్యూటర్ నుంచి ఎక్కించాలి. ఎలెక్‌ట్రాన్ మోడల్ శాంపిల్స్‌దీ ఇదే సంగతి. మీ పనికి ఇది పెద్ద అడ్డంకి. నోవేషన్ సర్క్యూట్ రిథమ్‌లో శాంప్లింగ్ ఉంది, లోపలే చార్జింగ్ బ్యాటరీ ఉంది, బాగుంటుంది, తెర లేకపోవడం కొందరికి ఇష్టం, కొందరికి కష్టం. రెండో యంత్రంగా డ్రమ్ మెషిన్ కొనే రోజు వచ్చినప్పుడు రోలాండ్ టీఆర్-6ఎస్, టీఆర్-8ఎస్ చూడండి.

కరెంటు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. ఒక కాలేజీ ఫెస్ట్‌లో నా సెట్ మధ్యలో కరెంటు పోయి జనరేటర్ మీదకు మారింది. మారడానికి పట్టింది రెండు మూడు సెకన్లే. స్పీకర్లు వెంటనే వచ్చేశాయి. నా యంత్రానికి బ్యాటరీ లేదు, మొదటి నుంచి లేచి, ప్రాజెక్టు తెరుచుకునేసరికి నిమిషం దాటింది. అప్పటిదాకా స్టేజి మీద మార్చినవన్నీ సేవ్ చేయలేదు, పోయాయి. 400 మంది ముందు ఆ నిమిషం ఎంత పొడుగ్గా ఉంటుందో చెప్పలేను. మన దగ్గర బయట ఫంక్షన్లలో ఇది ఎప్పుడైనా జరగొచ్చు. బ్యాటరీ లేని యంత్రం కొంటే కంప్యూటర్లకు వాడే చిన్న యూపీఎస్ ఒకటి వెంట తీసుకెళ్లండి. ఆ రోజు నుంచి నా బండిలో అది ఎప్పుడూ ఉంటుంది.

అడాప్టర్ల విషయంలో ఇంకా జాగ్రత్త. పిన్ను చూడటానికి ఒకేలా ఉంటుంది, లోపల ప్లస్ మైనస్‌లు తిరగబడి ఉంటాయి. వోల్కాలకు మధ్యలో ప్లస్, రోలాండ్ పాత పెట్టెల్లో చాలావాటికి మధ్యలో మైనస్. ఇంట్లో ఉన్న 9 వోల్టుల అడాప్టర్ కదా అని గుచ్చితే బోర్డు పోవచ్చు. అడాప్టర్ మీద, యంత్రం వెనక ఉన్న బొమ్మలు పోల్చి చూసుకోండి. జపాన్ నుంచి పాత యంత్రం తెప్పించుకుంటే అది 100 వోల్టులది కావచ్చు, మన 230కి నేరుగా పెట్టకూడదు, స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి పవర్ ఇస్తే స్పీకర్లలో సన్నని గీ అని మోత వస్తుంది, అది యంత్రం లోపం కాదు. విడిగా చార్జర్ నుంచి ఇచ్చి చూడండి.

సెకండ్ హ్యాండ్ చూడటానికి వెళ్తే మీ హెడ్‌ఫోన్స్, ఒక మెమరీ కార్డు, మీ సొంత శబ్దాలు తీసుకెళ్లండి. ప్రతి ప్యాడ్‌నూ మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా మూడుసార్లు నొక్కండి. 16లో ఒకటి రెండు ప్యాడ్లు గట్టిగా నొక్కితేనే పలికితే బేరం ఆడండి, నాలుగైదు అలా ఉంటే వదిలేయండి. నాబ్ తిప్పుతుంటే విలువ ముందుకు వెళ్లి వెనక్కి దూకుతోందా చూడండి. జాక్‌లో పిన్ను పెట్టి కొంచెం అటూ ఇటూ కదిలించండి, శబ్దం తెగితే సోల్డర్ వదిలింది. బ్యాటరీ మూత తెరిచి పచ్చని మరకలు ఉన్నాయేమో చూడండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ల నుంచి వచ్చే యంత్రాల్లో నాబులు గరగరలాడటం మామూలే. కాంటాక్ట్ క్లీనర్‌తో చాలావరకు పోతుంది, దానికి భయపడక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యం, మీ శబ్దం ఒకటి ఎక్కించి, ప్యాటర్న్ ఒకటి చేసి, సేవ్ చేసి, ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేసి తెరవండి.

విదేశాల్లో ఉన్న బంధువుల చేత తెప్పించుకునే ఆలోచన ఉంటే వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే కంపెనీకి రాసి కనుక్కోండి. కస్టమ్స్, జీఎస్టీ కలిపి లెక్కేస్తే డాలర్ ధరకు, చివరకు మీ చేతికొచ్చే ధరకు చాలా తేడా వస్తుంది.

మృదంగం రికార్డు చేసే పద్ధతి కూడా రాస్తాను, ఎందుకంటే యంత్రం ఎంత మంచిదైనా లోపలికి వెళ్లేది బాగుండాలి. ఇంట్లో పరుపులు, దుప్పట్లు ఉన్న గది ఎంచుకోండి, ఫ్యాన్ ఆపండి. శ్రుతి సరిచేసుకుని, ఎడంతలకు రవ్వ ముద్ద తాజాగా వేసుకోండి, ఎండిపోతే ఆ అడుగు శబ్దం పోతుంది. మైకు అడుగు దూరంలో, వలంతల వైపు ఒకసారి, ఎడంతల వైపు ఒకసారి పెట్టి వేరువేరుగా తీయండి. ఒక్కో దెబ్బను మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా, మూడు బరువుల్లో, ఒక్కో బరువుకు మూడేసి సార్లు. డప్పు అయితే మంట దగ్గర కాచిన వెంటనే తీయాలి, చల్లారితే గొంతు మారిపోతుంది. సిర్ర దెబ్బ, సిటికెన పుల్ల దెబ్బ విడివిడిగా తీయండి, అవి రెండు వేరే వాద్యాల్లా పనికొస్తాయి.

తర్వాత ప్రతి శాంపిల్ మొదట్లో ఖాళీని పూర్తిగా కత్తిరించండి. 20 మిల్లీసెకన్ల ఖాళీ మిగిలినా మీ వాయింపు అంతా వెనకబడినట్టు వినిపిస్తుంది, తప్పు మీ చేతిలో ఉందనుకుని కుమిలిపోతారు. మోగే ధిన్‌నూ, మూసే దెబ్బనూ ఒకే మ్యూట్ గ్రూపులో పెట్టండి. మూసిన దెబ్బ పడగానే మోత ఆగాలి, చర్మం మీద చెయ్యి వేసినట్టు. డ్రమ్స్ వాయించేవాళ్లు హై-హాట్‌కు చేసేది ఇదే. ఈ ఒక్క సెట్టింగ్‌తో ప్యాడ్ మీద మృదంగం నిజమైన మృదంగానికి సగం దూరం దగ్గరవుతుంది.

సినిమా పాటల ముక్కలు కోసుకోవాలనిపిస్తుంది, అందరికీ అనిపిస్తుంది. ఇంట్లో సాధనకు వాడుకోండి. విడుదల చేయాలంటే రికార్డింగ్ హక్కున్న కంపెనీ దగ్గర, పాట హక్కున్నవాళ్ల దగ్గర అనుమతి కావాలి. మీకు సొంత చేయి ఉంది కాబట్టి ఆ చిక్కు మీకు అక్కర్లేదు.

యంత్రం వచ్చాక మొదటి నెల 4 శబ్దాలే వాడండి: ఒక కిక్, నం, ధిన్, గుమ్కి. వేగం 100 దగ్గర పెట్టి, కిక్ నాలుగేసి దెబ్బలు వేసి, పైన 7 బార్లకు మిశ్ర చాపు 8 ఆవర్తాలు చేత్తో వాయించి రికార్డు చేయండి. మొదట్లో ఐదో ఆవర్తం దగ్గర కాలు తప్పుతుంది, నాకూ తప్పింది. నోటితో తకిట తకతక లెక్క వేసుకుంటూ వాయిస్తే వారంలో కుదురుతుంది. కుదిరాక ఆ లూప్ ఇక్కడ పెట్టండి, వింటాను. యంత్రం చూడటానికి హైదరాబాద్ రావాల్సి వస్తే ముందు రోజు చెప్పండి. నా ఎంపీసీ, 404 రెండూ బల్ల మీదే ఉంటాయి, గంటసేపు రెండిటి మీదా వాయించి చూసుకుని వెళ్లండి.